టిఫిన్ బండి దగ్గర ఎప్పుడు తినాలి, ఏం తినాలి: పదిహేడేళ్లు బండి నడిపినవాడి మాట

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పోటీ పరీక్షల చదువు కోసం నంద్యాల నుంచి హైదరాబాదు వచ్చి అశోక్ నగర్‌లో గది తీసుకున్నావు. మాంసం, గుడ్డు ముట్టవు. పొద్దునా సాయంత్రం కలిపి టిఫినుకు 100 రూపాయలు దాటకూడదు. వచ్చిన మొదటి నెలలోనే కడుపు చెడి మూడు రోజులు మంచాన పడ్డావు. బండి తిండి మానేయాలా, మంచి బండిని గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా, ఏ పూట ఏం తినాలి, పేరున్న చోట్లు ఏవి అని అడిగావు. ఆఖర్న, చట్నీ రెండోసారి వేయమంటే తప్పా అని కూడా అడిగావు.

మానేయక్కర్లేదు. మాది తెనాలి పక్కన పల్లె. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నాలుగు సందుల అవతల నేనూ మా ఆవిడా పదిహేడేళ్లు టిఫిన్ బండి నడిపాం. మోకాళ్లు మొరాయించాక మా బావమరిదికి అప్పజెప్పాను. నీలాంటి పిల్లలే మా గిరాకీ. పుస్తకం చంకలో పెట్టుకుని ప్లేటు చేతిలో పట్టుకుని తిన్నవాళ్లు, ఉద్యోగం వచ్చాక స్వీటు పెట్టెతో వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఉన్నారు. అందుకే నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

అందరూ బండి శుభ్రంగా ఉందా లేదా అని చూస్తారు. చూడాలి. కానీ అంతకంటే ముందు గడియారం చూడాలి. బండి తిండిలో మంచీ చెడూ చాలావరకు వేళలో ఉంటుంది. అదే బండి, అదే చెయ్యి, అదే పిండి. ఏడింటికి తింటే అమృతం, పదకొండున్నరకు తింటే ప్రమాదం. ఎందుకో చెప్పాలంటే మా రోజు ఎలా నడుస్తుందో నీకు తెలియాలి.

ముందురోజు మధ్యాహ్నం మినప్పప్పు నానబోస్తాం. సాయంత్రం గ్రైండర్‌లో వేస్తాం. కిలో పప్పుకు రెండు కిలోల ఇడ్లీ రవ్వ మా కొలత. రవ్వ కడిగి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలిపి, రాత్రంతా వదిలేస్తాం. ఎండాకాలం ఆరేడు గంటల్లో పొంగి గిన్నె దాటి పారుతుంది. డిసెంబరులో పన్నెండు గంటలైనా కదలదు, గిన్నెకు దుప్పటి చుట్టి పడుకునేవాళ్లం. ఆ పులుపు రుచికోసమే కాదు. పులిసిన పిండిలో చెడ్డ క్రిములు అంత సులువుగా పెరగలేవు. దాన్ని మళ్లీ పది పన్నెండు నిమిషాలు ఆవిరిలో ఉడికిస్తాం. కాబట్టి బండి మీద దొరికేవాటిలో ఇడ్లీ అంత నమ్మకమైన తిండి ఇంకోటి లేదు. వేడి ఇడ్లీ వల్ల కడుపు చెడినవాణ్ణి పదిహేడేళ్లలో నేను చూడలేదు. చెడితే చట్నీ వల్ల, లేదంటే నీళ్ల వల్ల.

ఈ చట్నీ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం ఇదే. బండి పెట్టిన రెండో ఏడు, మే నెల. పొద్దున నాలుగింటికి రుబ్బిన పల్లీ చట్నీ పదకొండింటికి ఇంకో లీటరు మిగిలింది. పారబొయ్యడానికి మనసు రాలేదు. కొంచెం నీళ్లు, ఉప్పు కలిపి మళ్లీ తాలింపు వేశాను. ముక్కుకు వాసన తెలియలేదు, నాలిక మీద కొద్దిగా పులుపు తగిలితే చింతపండు పులుపే అనుకున్నాను. మర్నాడు రోజూ వచ్చే పిల్లల్లో ముగ్గురు రాలేదు. నాలుగో రోజు ఒకబ్బాయి వచ్చి, నిష్ఠూరం కూడా ఆడకుండా, "అన్నా, మొన్న మాకు వాంతులయ్యాయి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆరోజు నుంచి చట్నీ రెండు విడతలుగా రుబ్బాం. నాలుగింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి. మిగిలింది మిగిలినట్టే పారబోశాం.

నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఇది. కొబ్బరి చట్నీ అన్నిటికంటే ముందు పాడవుతుంది. దాని తర్వాత పల్లీ చట్నీ, అందులోనూ పుట్నాలు ఎక్కువ పోసి నీళ్లతో పలచన చేసింది. అల్లం చట్నీలో చింతపండు, బెల్లం, ఉప్పు, కారం దట్టంగా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. కారప్పొడిలో తడి లేదు, దానికి భయమే లేదు. అందుకే తొమ్మిదిన్నర లోపు వెళితే ఏ చట్నీ అయినా వేయించుకో. పది దాటితే "అల్లం చట్నీ, కారప్పొడి, దాని మీద చుక్క నెయ్యి" అని అడుగు. ఎండాకాలంలో, ముసురు పట్టిన రోజుల్లో ఇంకో అరగంట ముందే వెళ్లు. సాంబారు అయితే పొయ్యి మీద పొగలు కక్కుతూ ఉన్నదే పోయించుకో. పక్కన గోరువెచ్చగా ఉన్న బకెట్టులోది వద్దు.

ఇక నీళ్లు. ఇంటి నుంచి సీసా తెచ్చుకో, అక్కడ గ్లాసు ముట్టుకోకు. ప్లేట్లు కడిగే బకెట్టు వైపు ఒక్కసారి చూడు. ఒకే బకెట్టులో ముంచి తీస్తున్నాడా, రెండు బకెట్లున్నాయా, నీళ్లు మారుస్తున్నాడా చూడు. కొన్ని బండ్ల దగ్గర ప్లేటు మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి వేడి ఇడ్లీ పెడతారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది గానీ వేడి తగిలిన ప్లాస్టిక్ కడుపుకు మంచిది కాదు. ఇడ్లీ రేకుల్లో తడిగుడ్డకు బదులు ప్లాస్టిక్ పరిచి ఉడికించేవాళ్లూ ఉన్నారు. కర్ణాటకలో 2025లో సర్కారు ఈ పద్ధతిని నిషేధించింది. గుడ్డ మీదో, నూనె రాసిన రేకు మీదో ఉడికించే బండి చూసుకో. అరిటాకు ముక్కో, అడ్డాకు విస్తరో వేస్తే ఇంకా మంచిది. బజ్జీలు వార్తాపత్రికలో చుట్టిస్తే వద్దని చెప్పు. అచ్చు సిరా నూనెలోకి దిగుతుంది, తిండికి పత్రికలు వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనే ఉంది.

ఇంత తక్కువ ధరకు ఎలా ఇస్తారు, ఏదో కల్తీ ఉండే ఉంటుందని నీ స్నేహితుడు అన్నాడని రాశావు. ఆ మాట నన్ను బాధపెట్టింది, అందుకే జవాబు చెప్పాలి. బండికి అద్దె లేదు, ఏసీ లేదు, సర్వర్లు లేరు. భార్యాభర్తలిద్దరి కష్టం కూలి లెక్కలోకి రాదు. కొట్లో మేం కొనేవి మినప్పప్పు, రవ్వ, బియ్యం, పల్లీలు, ఉల్లి, మిర్చి, నూనె, ఇంతే. ఖర్చు ఎక్కువ తగిలేది గ్యాసుకు. ఇంటి సిలిండరు వాడకూడదు, వ్యాపారానికి ఇచ్చే 19 కిలోల నీలం సిలిండరు కొనాలి. అన్నిటికంటే పెద్ద మతలబు పిండిలో ఉంది. ఇడ్లీ రుబ్బు ఒకటి, అట్టు రుబ్బు ఒకటి, ఈ రెండింటితోనే అరడజను రకాలు నడుస్తాయి. ఉల్లి చల్లితే ఊతప్పం, కూర పెడితే మసాలా దోసె. సాయంత్రానికి పిండి పులుపెక్కిందా, కాస్త మైదా, ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి నూనెలో వేస్తే పునుగులు. నిన్నటి పిండితో పునుగులు వేస్తారని కొందరు ఏదో రహస్యం బయటపెట్టినట్టు చెబుతుంటారు. పునుగు పుట్టిందే అందుకు. కమ్మటి పిండితో వేస్తే దానికి ఆ పులుపు, పైన ఆ కరకర రావు. విజయవాడలో సాయంత్రం ఏ సందు మొదట్లో నిలబడినా పునుగుల బండి కనిపిస్తుంది, అక్కడ ఎవరినైనా అడుగు.

వస్తువు వృథా కానివ్వకపోవడం, రకాలు తక్కువ పెట్టుకోవడం, చేసింది మూడు గంటల్లో అమ్ముకోవడం. చవకకు కారణం ఈ మూడే. కాబట్టి మంచి బండికి గుర్తు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఐదారు రకాలకు మించి బోర్డు మీద ఉంటే నేనైతే అనుమానిస్తాను. పొద్దున పదిన్నరకల్లా గిన్నెలు బోర్లించే బండి మంచిది. రోజంతా అన్నీ దొరికే బండిలో ఏదో ఒకటి నిలవది ఉంటుంది. ఆటో అన్నలు, మున్సిపాలిటీ పనివాళ్లు, బ్యాంకు ఉద్యోగులు ఒకే చోట నిలబడి తింటున్నారంటే అది నమ్మదగ్గ చోటు. ఒళ్లు వంచి పనిచేసేవాడు కడుపు చెడితే ఆరోజు కూలి పోగొట్టుకుంటాడు, అందుకే వాడి ఎంపిక జాగ్రత్తగా ఉంటుంది.

ఏం తినాలంటావా. వెళ్లగానే అన్నీ ఒకేసారి చెప్పకు. "అన్నా, ఇప్పుడు ఏది దిగుతోంది?" అని అడుగు. ఇడ్లీ పాత్ర మూత తీస్తుంటే ఇడ్లీ తిను. లేదంటే పెనం మీద ఏముందో అది తిను. డబ్బాలో ఉన్న వడకంటే మూకుడులోంచి చిల్లుల గరిటెతో ఇప్పుడే పైకొచ్చిన వడ వంద రెట్లు మేలు. ఇడ్లీని చట్నీలో ముంచెయ్యకు. ముందు ఒక ముక్క ఉత్తిగా నోట్లో వేసుకో, మినప్పప్పు కమ్మదనం తెలియాలి. రెండో ముక్క నెయ్యి, కారప్పొడితో, మూడోది చట్నీతో. అట్టయితే పెనం మీద నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, ఆ చుయ్ మన్న శబ్దం ఆగాక పిండి పోసేవాడు పనివాడు. పెనం బాగా కాలిపోయి ఉంటే పిండి ముద్దలు కడుతుంది, చల్లగా ఉంటే అంటుకుంటుంది. ఆ నీళ్లు పెనాన్ని పదునుకు తెస్తాయి.

పెసరట్టు వేసే బండి కనబడితే వదులుకోకు. ఇది పులవబెట్టే పిండి కాదు, పొట్టు పెసలు నాలుగైదు గంటలు నానబోసి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో అప్పటికప్పుడు రుబ్బేది. అందుకే దీనికి ఆయుష్షు తక్కువ. ఎనిమిదిన్నర లోపే తినాలి, ఆ తర్వాత రంగు మారి రుచి చెడుతుంది. చదువుకునే పిల్లాడికి ఒక పెసరట్టు, మధ్యలో ఉప్మా పెట్టించుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. పూరీ నెలకు రెండుసార్లు చాలు. దానికి ఆలుగడ్డ కూర కాకుండా శనగపిండితో చేసే బొంబాయి చట్నీ పెట్టే బండి దొరికితే ఆరోజు మాత్రం వెనకాడకు.

సాయంత్రం సంగతి వేరు, అక్కడ నూనెది రాజ్యం. మూకుడులో నూనె రంగు చూడు. కాఫీ రంగులోకి తిరిగినా, పైన నురగ విడవకుండా ఉన్నా, వాసన గొంతులో గరగరలాడినా అక్కణ్ణుంచి కదులు. మరిగి మరిగి పాడైన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె విరిగి పుట్టేవి, పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. బండి దగ్గర కొలిచే మీటరు ఉండదు కాబట్టి నీ కళ్లూ ముక్కే మీటరు. నాలుగున్నర, ఐదు మధ్య వెళ్లి మొదటి వాయి పట్టుకో. మిరపకాయ బజ్జీ హైదరాబాదులో ఒకసారి దోరగా వేయించి పక్కన పెట్టి, అడిగినప్పుడు ముక్కలుగా కోసి రెండోసారి వేయించి ఇస్తారు. కట్ మిర్చి అంటారు. ఆ సాయంత్రం వేసినవే అయితే తప్పులేదు, రెండోసారి వేగితేనే ఆ కరకర. మీద చల్లే ఉల్లిపాయ మాత్రం ముందే తరిగి పెట్టింది కాకుండా అప్పుడు తరిగి వేయమను. మా తెనాలి వైపు కాయకు గాటుపెట్టి లోపల వాము, ఉప్పు కలిపిన చింతపండు గుజ్జు రాస్తారు, కారం విరిగి కమ్మగా ఉంటుంది. అలా చేసే చోటు దొరికితే నాకు కూడా చెప్పు.

పానీపూరీ మీద నాకు ద్వేషం లేదు. వానలు పడే నెలల్లో మాత్రం తినొద్దు. అందులోని నీళ్లకు వేడి తగలదు, ఆ నీళ్లలో చెయ్యి మునుగుతుంది. నువ్వు మూడు రోజులు మంచాన పడ్డదాని వెనక అదే ఉందని నా అనుమానం, ఆ ముందురోజు సాయంత్రం స్నేహితులతో తిన్నానని నువ్వే రాశావు.

నువ్వు గుడ్డు ముట్టనన్నావు కాబట్టి ఒక మాట. చాలా బండ్ల మీద ఎగ్ దోసె కూడా అదే పెనం మీద, అదే అట్లకాడతో వేస్తారు. మొహమాటపడకుండా ముందే అడుగు. సాయంత్రం ఫాస్ట్ ఫుడ్ బండ్ల దగ్గర వెజ్ నూడుల్స్, వెజ్ మంచూరియా అంటారు, కానీ చికెన్ వేయించిన మూకుడే కడిగీ కడగకుండా వాడతారు. నీకది పట్టింపు అయితే వాటి జోలికి పోకు. కేవలం ఇడ్లీ, దోసె, వడ మాత్రమే వేసే బండ్లు చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా చాలానే ఉన్నాయి.

పేరున్న చోట్ల గురించి అడిగావు. నాంపల్లి దగ్గర రామ్ కీ బండి తెల్లవారుజామునే మొదలవుతుంది, చార్మినార్ దగ్గర గోవింద్ దోసె ఉంది. రెండింటికీ వెళ్లు, కానీ పండక్కి వెళ్లినట్టు వెళ్లు. వెన్న, చీజు బాగా దట్టించే దోసెలు అవి, నీ రోజువారీ 100 రూపాయల లెక్కకూ, పొద్దున చదువుకూ కుదరవు. విజయవాడ మీదుగా ఎప్పుడైనా వెళితే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ తిను. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ ఇడ్లీ తిన్నాకే ఈ పని మీద ఆశ పుట్టింది.

మీ సీమ ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ మీద బెంగ పెట్టుకున్నట్టున్నావు. ఇక్కడ రాయలసీమవాళ్లు నడిపే బండ్లలో దొరుకుతుంది గానీ తక్కువ. ఊరికి వెళ్లినప్పుడు రెండు కిలోల బొరుగులు తెచ్చుకో. ఇక్కడి మరమరాలు పలచన, నీళ్లు తగిలితే ముద్దయిపోతాయి. మీ బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేసి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లడం పది నిమిషాల పని. గదిలో చిన్న పొయ్యి ఉందన్నావుగా. బజ్జీలు మాత్రం బండి దగ్గర మొదటి వాయివి తెచ్చుకో. నా దగ్గరికి కర్నూలు కుర్రాళ్లు ఇద్దరు డబ్బాలో ఉగ్గాని తెచ్చుకుని బజ్జీలు కొనుక్కుని నా బండి పక్కనే నిలబడి తినేవాళ్లు. నాకూ పెట్టారు. ఆ పుట్నాల పొడి రుచి చూశాకే మా ఆవిడ కారప్పొడిలో పుట్నాలు కలపడం మొదలుపెట్టింది.

నీ 100 రూపాయల్లో పొద్దునకు 60 పెట్టు, సాయంత్రానికి 40 చాలు. వారంలో నాలుగు రోజులు ఇడ్లీ, రెండు రోజులు అట్టు, ఒకరోజు నీ ఇష్టం. నూనెవి వారానికి రెండు సాయంత్రాలకు మించొద్దు, మిగతా రోజుల్లో ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి, వేయించిన పల్లీలు, మరమరాల మిక్చరు తిను. ఒక్క బండిని పట్టుకో, పది బండ్లు తిరగకు. నెల తిరిగేసరికి ఆ మనిషికి నీ మొహం గుర్తుంటుంది. "తమ్ముడూ, ఈరోజు చట్నీ వద్దులే, పొడి వేసుకో" అని తనే చెబుతాడు. తెలిసినవాడికి చెడ్డది పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి రాదు.

చట్నీ రెండోసారి అడగడం తప్పు కాదు. నాలుగు ఇడ్లీలకు ఒక గరిటె సరిపోదని వేసేవాడికీ తెలుసు. పల్లీలు మాకు ఖరీదైన సరుకు కాబట్టి మొదట కొంచెమే వేస్తాం, అడిగితే మళ్లీ వేస్తాం. "ఇంకొంచెం వెయ్యన్నా" అంటే చాలు. మూడోసారి అడిగినా మా ఆవిడ ఎవరినీ కాదనలేదు. ఆమెకు కష్టమనిపించేదల్లా, అడిగి వేయించుకున్న చట్నీ సగం ప్లేటులో వదిలేసి వెళ్లినప్పుడే.